తిండిపోతా, భోజనప్రియుడా? తిండి మీద ఇష్టమున్నవాళ్లని ఏమనాలో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయనగరం. మా మేనమామ పెళ్లిళ్లకి వంటలు ఒప్పుకునేవారు. గాడిపొయ్యి తవ్వించడం దగ్గర్నుంచి ఆఖరి బంతి లేచేదాకా అంతా ఆయన చేతి మీదే నడిచేది. ఎండాకాలం సెలవులొస్తే నేను ఆయన వెనకే తిరిగేవాణ్ణి. మొదట్లో మంచినీళ్లు పొయ్యడం, కాస్త పొడుగయ్యాక వడ్డన. అలా తినేవాళ్లని చాలామందినే చూశాను. వాళ్లని ఎదురుగా ఏమంటారో, పొయ్యి దగ్గరికొచ్చాక ఏమంటారో కూడా విన్నాను. ఇప్పుడు చేసేది ఆఫీసు ఉద్యోగమే అయినా ఆ మాటల మీద ఆసక్తి పోలేదు. ఇంట్లోవాళ్లు, స్నేహితులు, మా అమ్మాయి కాలేజీ స్నేహితులు తిప్పితిప్పి అడిగేవి ఇవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

భోజనప్రియుడు, తిండిపోతు: రెండూ ఒకటే కదా?

మనిషి ఒకడే కావచ్చు, మాటలు మాత్రం వేరు. భోజనం ప్రియంగా కలవాడు భోజనప్రియుడు. అందులో ఎంత తింటాడన్న లెక్క లేదు. తిండిపోతులో ఉన్నదంతా లెక్కే.

నిఘంటువు చెప్పేది అంతవరకే. బంతిలో చూసింది చెప్తాను. ఒక పెళ్లిలో మగపెళ్లివారి తరఫు పెద్దాయన ఒకాయన కూర్చున్నారు. ఆకు మీద నీళ్లు చిలకరించి, అరచేత్తో ఒక్కసారి తుడిచి, అన్నం పడగానే మధ్యలో గుంట చేశారు. పప్పు పడింది. నెయ్యి చెంచాతో వేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టకుండా నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. మూడో చెంచాకి తలూపారు. అప్పుడు కలిపారు, అరచెయ్యి అంటకుండా, వేళ్ల కొసలతో. బూరెకి బొటనవేలితో చిల్లు పెట్టి అందులో కూడా నెయ్యి పోయించుకున్నారు. అలా తొమ్మిది బూరెలు. పెళ్లికూతురి తండ్రి పక్కనే నిలబడి, అందరికీ వినబడేలా, "మా వియ్యంకుల వారి అన్నగారు మంచి భోజనప్రియులండీ" అన్నారు. పొయ్యి దగ్గరికి వస్తే మా మేనమామ బూరెల గంపలోకి తొంగి చూసి, "ఆ తిండిపోతు ఇంకా లేవలేదేట్రా?" అన్నారు.

ఆ సాయంత్రం ఆ పెద్దాయన భార్య ఎవరితోనో నవ్వుతూ, "మా ఆయన ఒట్టి తిండిపోతండీ, వండి పెట్టలేక చస్తున్నాను" అంది. ఆ మాటలో ఎక్కడా విసుగు లేదు, మురిపెమే ఉంది.

తొమ్మిది బూరెలకి రెండు పేర్లు, మూడు అర్థాలు వచ్చాయి. అప్పటినుంచి నాకో అనుమానం: పేరు పెట్టేది తినేవాడి పొట్టని చూసి కాదు, గంపలో ఎన్ని మిగిలాయో చూసి.

తిండిపోతులో "పోతు" ఏమిటి? ఆడవాళ్లకి కూడా అదే మాటా?

పోతు అంటే మగ జంతువు. దున్నపోతు, మేకపోతులో ఉన్నది అదే. తర్వాత మనిషి అలవాటుకి తగిలించే తోక అయింది. సరదాగా గమనించండి: నామవాచకం పక్కన "పోతు"గానే ఉంటుంది, తిండిపోతు, పిరికిపోతు, నిద్రపోతు. క్రియ పక్కన "బోతు" అవుతుంది, తాగుబోతు, తిరుగుబోతు, వదరుబోతు. తిండిబోతు అనేవాళ్లూ ఉన్నారు, కొట్టిపారెయ్యక్కర్లేదు.

మగ జంతువు మాటే అయినా తోకగా మారాక ఆడామగా తేడా పోయింది. "అది ఒట్టి తిండిపోతు" అని ఆడపిల్లనీ అంటారు. పొగడ్తగా వాడే తోక మాత్రం ఇది కాదు. ఈ వరసలో ఉన్న మాటలన్నీ ఒకసారి చదువుకోండి, ఒక్కటైనా మంచిదుందేమో.

మరి భోజనప్రియుడికి స్త్రీలింగం?

భోజనప్రియురాలు. వ్యాకరణానికి ఇబ్బంది లేదు. అయినా ఎవరైనా ఒకావిడని అలా పరిచయం చెయ్యగా మీరెప్పుడైనా విన్నారా? నేను వినలేదు. వండేది ఆవిడ, రుచి చూసేది ఆవిడ, ఉప్పు చాల్లేదని మొదట కనిపెట్టేది ఆవిడ. తినడం మాత్రం అందరూ లేచాక, గిన్నెల అడుగున మిగిలింది. అలాంటప్పుడు ఆవిడకి ఇష్టమైనదేమిటో చూసేదెవరు, పేరు పెట్టేదెవరు?

ఒక్క సమయంలో మాత్రం ఆడమనిషి కోరికకి మన ఇళ్లలో గౌరవం ఉండేది. కడుపుతో ఉన్నప్పుడు. పుల్లమామిడికాయ అడిగినా, చింతచిగురు అడిగినా, అర్ధరాత్రి వేడివేడి పకోడీ అడిగినా ఎవరో ఒకరు తెచ్చిపెట్టేవారు. ఆ కోరికలకి సంస్కృతంలో దోహదం అని పేరు. ఇప్పుడు "దోహదపడింది" అని పేపర్లో రాస్తున్నామే, ఆ మాటే. నాలుగు నెలల పులుపు కోరిక ఆఫీసు భాషలోకి అలా వచ్చి కూర్చుంది.

ఈ మధ్య మా అమ్మాయి, దాని స్నేహితురాళ్లు "మేము ఫుడీస్" అని ధైర్యంగా చెప్పుకుంటున్నారు. ఆ ఇంగ్లిష్ మాట మీద నాకు కొంత చిరాకు ఉంది గానీ, ఈ ఒక్క విషయంలో దానికి రుణపడి ఉన్నాం.

భోక్త అనొచ్చా? మాట గంభీరంగా, బాగుంది కదా.

అనకండి. దయచేసి అనకండి. నేను అని మాట పడ్డాను.

చేరిన కొత్తలో మా ఆఫీసువాళ్లు కార్తీక వనభోజనాలు పెట్టారు. బోర్డు రాసే పని నా మీద పడింది. "భోక్తలందరికీ స్వాగతం" అని చక్కటి అక్షరాలతో రాసి మామిడిచెట్టుకి కట్టాను. రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న హెడ్ గుమాస్తా గారు చూసి, అక్కడే ఆగిపోయారు. "ఏం నాయనా, ఇవాళ ఎవరి తద్దినం?" అన్నారు.

భోక్త అంటే తినేవాడు, అనుభవించేవాడు అనే అర్థం నిజమే. వేదాంతంలో ఆ అర్థంతోనే వాడతారు. కానీ ఇళ్లలో భోక్త అంటే శ్రాద్ధం నాడు పితృదేవతల స్థానంలో కూర్చుని భోజనం చేసే బ్రాహ్మడు. ఆ మాట వినగానే నువ్వులు, దర్భలు గుర్తొస్తాయి తప్ప పులిహోర గుర్తురాదు. ఆ బోర్డు తిప్పి కట్టి, వెనక వైపు "భోజనాలు ఇటు" అని రాశాను.

భీముడు, బకాసురుడు, కుంభకర్ణుడు: ఎవరి పేరు ఎప్పుడు వాడాలి?

ముగ్గురూ బాగా తినేవాళ్లే, మనం వాడే చోట్లు వేరు.

బకాసురుడంటే తిట్టే. ఏకచక్రపురం వాళ్లు బండెడు అన్నం, దున్నలు, దాంతో పాటు ఒక మనిషిని పంపాలి. అంటే పక్కవాడి తిండి, చివరికి పక్కవాణ్ణి కూడా తినేవాడు. చిట్టీల పేరుతో డబ్బు మింగినవాడికి, లంచాలు మేసేవాడికి ఈ పేరు సరిపోతుంది. మీ తమ్ముడు నాలుగు దోసెలు ఎక్కువ తిన్నందుకు బకాసురుడు అనడం అన్యాయం.

కుంభకర్ణుణ్ణి తిండి కంటే నిద్రకే ఎక్కువ తలుచుకుంటాం. ఆదివారం పదకొండింటికి లేచి "టిఫినేంటి?" అనేవాడికి తగిన పేరు.

భీముడి సంగతి వేరు. ఆయనకి వృకోదరుడని పేరు, తోడేలు కడుపువాడని. ఇంటికి తెచ్చిన భిక్షలో సగం భీముడికి, మిగతా సగం కుంతికి, నలుగురు అన్నదమ్ములకి అని భారతం చెప్తుంది. అయినా ఆయన్ని ఎవరూ చిన్నచూపు చూడరు. ఎందుకంటే తిన్నదానికి లెక్క చెప్పాడు. బకుడికి పంపిన బండి మీద కూర్చుని, ఆ రాక్షసుడు వెనకనించి వీపు మీద గుద్దుతున్నా వెనక్కి తిరక్కుండా అన్నం పూర్తి చేసి, చెయ్యి కడుక్కుని, అప్పుడు లేచాడు. అజ్ఞాతవాసంలో వలలుడనే పేరుతో విరాటరాజు కొలువులో వంటవాడయ్యాడు కూడా. నలభీమపాకం అనడం అందుకే. తినడం, వండడం, కొట్టడం మూడూ వచ్చిన మనిషి ఇంకొకడు కనబడడు.

మన వైపు ఈ పేరుకి ఇంకో గౌరవం ఉంది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, ఏనుగుని గుండెల మీద ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారిని కలియుగ భీముడన్నారు. అది తిండికి కాదు, బలానికి. అందుకే శ్రీకాకుళం పల్లెల్లో కుర్రాణ్ణి "భీముడిలా తింటున్నాడు" అంటే తల్లి నొచ్చుకోదు. బకాసురుడంటే మాత్రం ఆ ఇంటి గుమ్మం మీరు మళ్లీ ఎక్కరు.

ఎంత తిన్నా పరవాలేదు, రుచి తెలిసినవాడికి తెలుగులో ఒక్క మాట చెప్పండి.

ఇది నన్ను చాలా ఇబ్బంది పెట్టిన ప్రశ్న. ఒక్క మాట అంటే, సూటిగా లేదు.

రసజ్ఞుడు అంటే కవిత్వం గుర్తొస్తుంది. రసికుడు అంటే ఇంకేదో గుర్తొస్తుంది, పెళ్లివారింట్లో అస్సలు అనకూడదు. పాకశాస్త్ర ప్రవీణుడు వండేవాడు, తినేవాడు కాదు. చవి అనే మంచి మాట ఉంది, చవిచూడటం, చవులూరించడం దాని పిల్లలే. కానీ దానికి మనిషి పేరు పుట్టలేదు.

మన భాష ఇక్కడ పేరుకి బదులు వాక్యం వాడుతుంది. "ఆయన రుచి తెలిసిన మనిషి." "తిండి తెలిసినవాడు." "ఆ నోటికి ఆనదు." "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి." అవతల పదార్థాన్ని వర్ణించమంటే మాటలకి కరువే లేదు: కమ్మగా, ఘాటుగా, పుల్లపుల్లగా, వగరుగా, చప్పగా, కరకరలాడుతూ, వెన్నలా. వంటకి ఇన్ని విశేషణాలు పెట్టుకుని, దాన్ని కనిపెట్టినవాడికి పేరు పెట్టడం మర్చిపోయాం.

మా అమ్మమ్మ నైవేద్యం కాకుండా ఏదీ నోట్లో వేసుకునేది కాదు. అంటే పండగ వంటంతా రుచి చూడకుండానే వండాలి. చారు మరుగుతుంటే మూత తీసి, మొహం మీదికి ఆవిరి ఒక్కసారి రానిచ్చి, "అరచెంచా ఉప్పు పడాలి" అనేది. ఉప్పుకి వాసన ఉండదు కదా అమ్మమ్మా అని నేను తొమ్మిదో తరగతి సైన్సు తెలివితో వాదించేవాణ్ణి. "ఉప్పుకి ఉండదు, చారుకుంటుంది" అనేది. నైవేద్యం అయ్యాక తిని చూస్తే సరిగ్గా సరిపోయేది. ఆవిడ తినేది పిడికెడు. ఇంగ్లిష్ వాడు గౌర్మే అనేది ఇలాంటి మనిషినే అనుకుంటాను. ఆవిడని మేము అమ్మమ్మ అన్నాం తప్ప ఇంకేమీ అనలేదు.

ఇంగ్లిష్‌లో, ఫ్రెంచిలో ఉన్న మాటల మధ్య తేడా ఏమిటి?

వరసగా కాకుండా, నాకు ఆసక్తిగా అనిపించినవి చెప్తాను.

గౌర్మే ఫ్రెంచి మాట. మొదట్లో ద్రాక్షసారా వర్తకుడి దగ్గర పనిచేసే కుర్రాడికి, సారా రుచి చూసి మంచిచెడ్డలు చెప్పేవాడికి వాడేవారట. పనివాడి పేరు పోయిపోయి గొప్పవాళ్ల బిరుదు అయింది. గౌర్మాండ్ దానికి చుట్టంలా వినిపిస్తుంది గానీ అందులో ఎక్కువ తినడం ఉంది. గౌర్మే ఒక్క బూరె తిని పూర్ణంలో యాలకులు ఎక్కువయ్యాయంటాడు. గౌర్మాండ్ యాలకులు ఎక్కువైనా తొమ్మిదీ తింటాడు. తిండిపోతు అనే అర్థమున్న గ్లటన్ లాటిన్‌లో మింగడం అనే మాటనుంచి వచ్చింది. క్రైస్తవంలో ఏడు మహాపాపాల్లో తిండిపోతుతనం ఒకటి. మనకి అది పాపం దాకా వెళ్లలేదు, వేళాకోళం దగ్గర ఆగింది.

అన్నిటికంటే అన్యాయం జరిగింది ఎపిక్యూర్ విషయంలో. మంచి తిండి, మంచి తాగుడు తెలిసినవాడని ఇప్పటి అర్థం. ఆ పేరు వచ్చింది గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ నుంచి, క్రీస్తుపూర్వం 341 నుంచి 270 దాకా బతికిన మనిషి. ఆయన తిన్నది రొట్టె, నీళ్లు. ఒక చిన్న కుండెడు జున్ను పంపితే దానితో విందు చేసుకుంటానని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. సుఖమే గొప్పది అన్నాడు గనక, ఆ సుఖం పొట్టలోనే ఉంటుందని తర్వాతివాళ్లు తేల్చేశారు. చద్దన్నంలో పచ్చిమిరపకాయ నంజుకుని సుఖంగా ఉన్నవాణ్ణి పట్టుకుని విందులరాయుడు అన్నట్టు ఉంది.

ఫుడీ మొన్నటి మాట. 1980లో న్యూయార్క్‌లో ఒక పత్రికకి హోటళ్ల గురించి రాసే గేల్ గ్రీన్ అనే ఆవిడ వాడింది. ఆ దశాబ్దంలోనే ఇంగ్లాండులోనూ పాకిపోయింది. గౌర్మే అనిపించుకోవాలంటే హోదా కావాలి, ఫుడీకి ఆకలి, ఆసక్తి చాలు. అందుకే అంత తొందరగా అంటుకుంది.

ఫుడీకి భోజనప్రియుడు సరిపోదా?

సగం సరిపోతుంది. భోజనప్రియుడికి వడ్డించేవాళ్లుండాలి, కూర్చునే చోటుండాలి. ఫుడీ బండి వేసుకుని వెతుక్కుంటూ వెళ్తాడు. మా విజయనగరం మూడులాంతర్ల దగ్గర మిరపకాయ బజ్జీ తిని, దాని ఫొటో శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో ఉన్న స్నేహితుడికి పంపి, వాడు అక్కడ ఏం తింటున్నాడో అడుగుతాడు. మా మేనమామ చూసిన భోజనప్రియుల్లో ఎవరూ అలా ఊళ్లు తిరగలేదు. విస్తరి ఎక్కడ వేస్తే అక్కడ కూర్చున్నారు.

ఫుడీ అనే రాసుకోండి, తెలుగు లిపిలో. బలవంతంగా "ఆహారాభిమాని" లాంటివి పుట్టించకండి, సినిమా హీరో అభిమాన సంఘంలా ఉంటుంది.

కక్కుర్తి, ఆబ, యావ: ఇవి కూడా ఇష్టమేనా?

ఇష్టం హద్దు దాటాక వచ్చే మాటలివి. యావ అంటే ఎప్పుడూ దాని మీదే ధ్యాస. "వాడికి తిండి యావ తప్ప ఇంకోటి లేదు." ఆబ అంటే ఆత్రం, నమలకుండా మింగడం. ఆకలేసినవాడు ఆబగా తింటే జాలేస్తుంది, తప్పు పట్టరు.

కక్కుర్తి మాత్రం చాలా చెడ్డ మాట. అందులో ఆకలి ఉండదు, పరువు పోగొట్టుకోవడం ఉంటుంది. తిన్నాక జేబులో రెండు లడ్డూలు వేసుకోవడం కక్కుర్తి. అవి ఇంట్లో ఉన్న పిల్లకోసం అయితే? ఒక ముసలమ్మ కొంగు చివర మైసూర్‌పాక్ ముక్క కట్టుకుంటుంటే నేను చూసి, తెలివితక్కువగా మా మేనమామకి చెప్పాను. ఆయన ఏమీ అనకుండా ఒక కాగితంలో ఇంకో నాలుగు ముక్కలు చుట్టి, ఆవిడకి ఇచ్చి రమ్మన్నారు.

జిహ్వచాపల్యం జబ్బా?

కాదు. జిహ్వ నాలుక, చాపల్యం నిలకడ లేకపోవడం. షుగరున్న మనిషి ఫ్రిజ్ తలుపు చప్పుడు కాకుండా తీస్తే దాన్ని జిహ్వచాపల్యం అంటారు. జబ్బు షుగరు.

తినడాన్ని చెప్పే క్రియల్లో మర్యాద ఎలా ఉంటుంది?

పేరు కంటే క్రియతోనే మనవాళ్లు మనిషిని తేలుస్తారు. దేవుడు ఆరగిస్తాడు. పెద్దలు భోంచేస్తారు. భుజించడం నాటకాల్లో, పద్యాల్లో ఉంది. మామూలుగా తింటాం. స్నేహితుడు లాగిస్తాడు, కుమ్మేస్తాడు, పట్టిస్తాడు. నచ్చనివాడు మెక్కుతాడు. అదే అన్నం, అదే కూర.

"కాస్త ఎంగిలిపడండి" అని పాతకాలంవాళ్లు పిలిచేవారు. తినండి అని అడగడం మరీ బరువుగా ఉంటుందని, కొంచెం తాకి వెళ్లండి అన్నట్టు. ఆ పిలుపుకి వెళ్లి కూర్చుంటే గంటకి గానీ లేవనిచ్చేవారు కాదు.

"సుష్టుగా" అనే మాట మర్చిపోకండి. సుష్టుగా భోంచేశాడంటే బాగా తిన్నాడు, తృప్తిగా తిన్నాడు, పెట్టినవాళ్లకీ తృప్తి. మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

శ్రీకాకుళం, విజయనగరం వైపు ప్రత్యేకమైన మాటలున్నాయా?

తినేవాడికి వేరే పేరేమీ లేదు గానీ, అనే తీరు వేరు. "ఓలమ్మో, ఈ గుంటడు ఏటి తింతన్నాడో సూడు!" అంటే పైకి ఆశ్చర్యం, లోపల సంతోషం. రాయడానికి తిండిపోతు అన్నా, నోటితో అనేది ఇదే. అన్నాన్ని కూడు, బువ్వ అంటాం. కొన్నిచోట్ల కూడు అంటే చులకన, పల్లెల్లో పెద్దవాళ్ల నోట మాత్రం మామూలు మాట. "కూడు తిన్నావేటి?" అంటే క్షేమం అడిగినట్టే.

మా వైపు రుచి తెలిసినవాణ్ణి పట్టుకోవాలంటే పేరు అడగక్కర్లేదు, ఏం వెతుకుతున్నాడో చూడండి. భీమాళి తాండ్ర కొనేటప్పుడు రంగు చూసేవాడు మామూలు మనిషి. అంచు చింపి పొరలు చూసేవాడు తెలిసినవాడు. మామిడి రసం చాప మీద పల్చగా పోసి, ఎండాక దాని మీద ఇంకో పూత, అలా రోజుల తరబడి ఎండనిస్తే వచ్చేది అది. పొరలు విడిగా కనబడాలి, నోట్లో కలిసిపోవాలి. పలాసలో జీడిపప్పు కొంటూ విరగని గుళ్లు మాత్రమే అడిగేవాడు పెళ్లి పాయసానికి కొంటున్నాడు. ఎండాకాలం ఉద్దానంలో చుట్టాలుంటే పచ్చి జీడిపప్పు పంపమనేవాడు తిండి తెలిసినవాడు. ఆ కూర కొన్ని వారాల ముచ్చట.

చోడి (రాగి) అంబలిలో ఉల్లిపాయ కొరుక్కుని తాగేవాడు, ఆవ పెట్టిన కూరకి ముక్కు ఘాటెక్కి కళ్లనీళ్లు తుడుచుకుంటూ "బాగుంది" అనేవాడు, ఎండు నెత్తళ్లు వంకాయతో వండుతున్న వాసనకి వీధి మలుపులోనే అడుగు నెమ్మది చేసేవాడు, వీళ్లెవరినీ గౌర్మే అని ఎవరూ అనరు. ఇచ్ఛాపురం దాటితే ఒడియావాళ్ల పఖాళ, ఇటు వస్తే మన చద్దన్నం. సరిహద్దు రాయి ఎక్కడున్నా ఎండాకాలం పొద్దున్న కుండలో ఉన్నది దాదాపు ఒకటే.

మనకి తిండిపోతు మీద ఇంత వేళాకోళం ఎందుకు?

నా ఊహ చెప్తాను, ఊహగానే తీసుకోండి. బియ్యం కొలిచి వండిన ఇళ్లలో పుట్టిన మాట ఇది. 1866లో ఒడిశాని ఊడ్చేసిన కరువు గంజాం జిల్లాని కూడా కొట్టింది. శ్రీకాకుళం అప్పుడు గంజాం కిందే ఉండేది. అలాంటి కరువులు చూసినవాళ్ల మనవల చేతుల్లో పెరిగినవాళ్లు మా అమ్మమ్మ తరం. ఒకడు ఇంకో ముద్ద తింటే ఇంకెవరికో ఒక ముద్ద తగ్గుతుంది. "తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు" అనే సామెతలో కోపం తిండి మీద కాదు, చెయ్యని పని మీద. బాగా తిని బాగా దున్నేవాణ్ణి ఆ సామెత ఏమీ అనదు.

"బ్రాహ్మణో భోజనప్రియః" అనడం తప్పా?

విష్ణువు అలంకారప్రియుడు, శివుడు అభిషేకప్రియుడు అనే వరసలో వచ్చే మాట. ఆ ఇంటివాళ్లే నవ్వుతూ అనుకుంటే బాగుంటుంది. మీరు మొదలుపెట్టకండి. ఏ కులం పేరు పక్కనైనా తిండిని తగిలిస్తే నవ్వు ఎక్కువసేపు నిలవదు.

చిన్నపిల్లల్ని తిండిపోతు అనొచ్చా?

మా అమ్మ అననిచ్చేది కాదు. దిష్టి. పిల్లాడు తింటుంటే ఎన్ని ఇడ్లీలు తిన్నాడో లెక్కపెట్టకూడదు, పైకి అనకూడదు. తిన్నాక పొట్ట మీద చెయ్యి తిప్పుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అనేది. వాతాపి మేక రూపంలో అగస్త్యుడి కడుపులోకి వెళ్లి, బయటికి రాలేకపోయిన రాక్షసుడు. రాక్షసుణ్ణే అరిగించుకున్న పొట్టని తలుచుకుంటే నాలుగు ఇడ్లీలు ఒక లెక్కా అని.

దిష్టి నమ్మకపోయినా ఆ పద్ధతి మంచిదే. బడిలో "తిండిపోతు" అని పేరు పడిన పిల్లలు టిఫిన్ డబ్బా మూత అడ్డం పెట్టుకుని తినడం నేను చూశాను.

అత్తవారింట్లో అల్లుణ్ణి ఏమంటారు?

మొదటి సంక్రాంతికి "అల్లుడుగారు ఏమీ తినరండీ". ఐదో సంక్రాంతికి "మా అల్లుడు ఇష్టంగా తింటాడు". పదో సంక్రాంతికి మాటలేమీ ఉండవు, అరిసెల డబ్బా ఎక్కడుందో ఆయనకే తెలుసు.

ప్రొఫైల్‌లో నా గురించి ఏం రాసుకోవాలి?

"భోజనప్రియుణ్ణి" బాగుంటుంది. "తిండిపోతుని" అని మీ గురించి మీరే రాసుకుంటే అందరికీ నచ్చుతుంది, ఎవరూ తిట్టలేరు. "సాపాటు రాయుణ్ణి" కొంచెం పాత వాసన వేస్తుంది గానీ నాకిష్టం. పేకాటరాయుళ్ల అరెస్టు వార్తల పక్కన ఉన్నట్టు ఉంటుంది, అది చూసుకోండి.

వడ్డించేవాణ్ణి, వండేవాణ్ణి ఏమనాలి? వాళ్లు భోజనప్రియులు కారా?

మా మేనమామ పెళ్లిలో ఎప్పుడూ తినేవారు కాదు. ఆఖరి బంతి లేచాక గుండిగలు కడిగించి, సామాను లెక్క చూసి, బండి ఎక్కించేవారు. "తినవా మావయ్యా?" అంటే, "పొద్దుట్నించీ వాసనకే కడుపు నిండిపోయిందిరా" అనేవారు. చొక్కా నిండా నెయ్యి, బెల్లప్పాకం వాసన. ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండయ్యేది. నేను అరుగు మీద పడుకుని నిద్రపట్టక దొర్లుతుంటే వంటింట్లో తరవాణి కుండ మూత తీసిన చప్పుడు వినబడేది. ఆ తర్వాత ఉల్లిపాయని గోడకేసి చితక్కొట్టిన చప్పుడు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినబడేది కాదు.